తొమ్మిదో నంబరు ముంజ

మా అమ్మ మంగది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ ఆ చేతికి గుడ్డ కట్టి మాన్పించాలని చూసిందట. మానలేదు. మోడిలంక రొయ్యల షెడ్డులో తలలు తీసే ఇరవై నాలుగు మంది ఆడవాళ్లలో ఎడమచేత్తో పని చేసేది ఆమె ఒక్కతే. మోచేతులు తగులుతున్నాయని పక్కవాళ్లు గోల పెడితే పదకొండేళ్ల నుంచి ఆమెను బల్ల చివరే నిలబెడుతున్నారు.

ఆ వాటం లేకపోయి ఉంటే జరిగిందేమిటో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నేను విశాఖపట్నంలో హైమవతి మేడమ్ పరిశోధనశాలలో పని చేస్తాను. నాలుగో ఏడు. మేం తయారు చేసేది ఒంటికి అంటుకునే మెత్తటి జెల్లు. చింతపిక్కల జిగురులో ఉప్పునీళ్లు, ఇంకో రెండు మందులు కలిపి పలకల మధ్య పోస్తే మర్నాటికి రూపాయి బిళ్లంత, లేత ముంజంత మెత్తగా పేరుకుంటుంది. మణికట్టు లోపలివైపు అంటిస్తే చర్మం ఎటు సాగితే అటు సాగుతుంది. సాగినప్పుడల్లా సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు మా కంప్యూటరులో రెండు గీతలుగా కనిపిస్తుంది. పై గీత చేతి కదలిక. కింది గీత నాడి.

అలాంటివి ఇంకా చాలామంది చేశారు. మా జెల్లు మాత్రం నేర్చుకుంటుంది. నలభై రోజులు ఒకే మనిషి ఒంటి మీద ఉంటే ఆ మనిషి చెమటకీ నాడికీ తగ్గట్టు తన లోపలి అల్లికను సర్దుకుంటుంది. ఆ తర్వాత ఆ నాడి వెంట్రుకవాసి తప్పినా చెబుతుంది. దాని ఆయుష్షు వంద రోజులు. ఆ పైన ఎండి పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఎవరి మీద పరీక్షించాలి అన్నప్పుడు మా ఊరి షెడ్డు పేరు చెప్పింది నేనే. అక్కడ ఆడవాళ్లు ఎనిమిది గంటలు ఐసునీళ్లలో చేతులు పెట్టి నిలబడతారు. అంతకుముందు ఏడాది ఇద్దరు బల్ల మీదే కూలిపోయారు. నా చదువు మా ఊరికి పనికొస్తుందని సంబరపడ్డాను. ఇరవై నాలుగు జెల్లులూ నా చేతుల్తోనే అంటించాను. పని చేసే చెయ్యి ఎక్కువ కదులుతుందని అందరికీ ఎడమ చేతికే పెట్టాం. అలవాటుగా అమ్మకీ ఎడమ చేతికే అంటించేశాను. ఇంటికి వచ్చాక గానీ ఆ పొరపాటు గుర్తు రాలేదు. మళ్లీ పీకితే జెల్లు పాడవుతుందని అలాగే వదిలేశాను.

"ఏంటే వేణీ, మా చేతులకి ముంజలంటిత్తన్నావ్? ఎండాకాలం దాకా ఆగలేకపోయావా?" అంది కరుణమ్మ అత్త. అమ్మ పక్కనే నిలబడి పని చేసే మనిషి. పదకొండేళ్లుగా అమ్మ మోచేతి పోట్లు తిన్నది ఆవిడే.

"తినకు అత్తా. ఉప్పగా ఉంటుంది."

"మన బతుకులో ఉప్పు లేనిదేదే?" అని నవ్వి చెయ్యి చాపింది. ఆ రోజు నుంచి షెడ్డులో దాని పేరు ముంజ అయిపోయింది. అమ్మది తొమ్మిదో నంబరు. కరుణమ్మ అత్తది పదిహేడు.

గేటు దగ్గర ఇరవై నాలుగు దీపాల బోర్డు పెట్టారు. నాడి బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎర్ర దీపం వరుసగా మూడు రోజులు వస్తే ఆ మనిషిని పనిలోంచి తీసేస్తామని షెడ్డువాళ్లు కాగితం అంటించారు. ఆ నియమం మా ప్రయోగంలో లేదు. వాళ్లు పెట్టుకున్నారు. మేడమ్ చూశారు, నేనూ చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు.

డెబ్బై ఒకటో రోజు పొద్దున మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచారు. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

"వేణీ, పదిహేడు చూశావా?"

చూశాను. రోజూ చూస్తాను. మొదటి నుంచీ పదిహేడు నాడి మంచిది కాదు. నాలుగు కొట్టుకుని ఒకటి జారేది, మళ్లీ మూడు కొట్టుకుని రెండు జారేవి. యాభయ్యో రోజుకి అది మరీ ఎక్కువై, ఆ రోజూ యాభై ఒకటో రోజూ ఎర్ర దీపం వచ్చింది. యాభై రెండో రోజున ఒక్కసారిగా బాగుపడిపోయింది.

"ఏ మందూ లేదు. ఏ ఆపరేషనూ లేదు. మన జెల్లు ఉన్నచోట గుండె తనంతట తనే కుదురుకుంది! దీని అర్థం తెలుసా నీకు?"

"మళ్లీ జారుతోంది మేడమ్. వారం నుంచి."

"కొంచెం అటూ ఇటూ ఉంటుంది. నువ్వు యాభై రెండో రోజు గీతలు శుభ్రంగా తీసి ఇవ్వు. మధ్యాహ్నానికి కావాలి."

నా బల్ల దగ్గర కూర్చుని యాభై రెండో రోజు పదిహేడో నంబరు తెరిచాను. కింది గీత నిజంగానే చక్కగా ఉంది. అలవాటు చొప్పున పై గీత కూడా చూశాను.

చెయ్యి ఆడుతోంది. గిల్లడం, తిప్పడం, విసరడం. గిల్లడం, తిప్పడం, విసరడం.

కుడిచేత్తో పని చేసేవాళ్ల ఎడమ మణికట్టు అలా ఆడదు. రొయ్యను పట్టుకుని ఊరుకుంటుంది. ఇరవై మూడు మంది పై గీతలు దాదాపు సాఫుగా ఉంటాయి. అలా ఎగిరిపడే గీత ఒక్కటే ఉండాలి. అది అమ్మది. అది తొమ్మిదో నంబరులో ఉండాలి.

తొమ్మిదో నంబరు తెరిచాను. పై గీత సాఫుగా ఉంది.

మార్చుకున్నారు. యాభై రెండో రోజు పొద్దున ఇద్దరూ ముంజలు మార్చుకున్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు అలాగే ఉన్నారు. అంటే పదిహేడులో చక్కగా కొట్టుకున్నది అమ్మ నాడి. బాగుపడ్డవాళ్లు ఎవరూ లేరు. మేడమ్‌కి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ తొమ్మిదో నంబరు కింది గీత వైపు చూశాను. ఆ జెల్లు కరుణమ్మ అత్త చేతికి ఉంది కాబట్టి అందులో నాడి జారుతూ ఉండాలి.

జారడం లేదు.

మొదటి రోజు కొంచెం తడబడింది. రెండో రోజుకి కుదురుకుంది. ఆ నాడి నాకు బాగా తెలుసు. ఊరికి దూరంగా ఉన్న దానిని, మొదటి నలభై రోజులూ పొద్దున్నే కంప్యూటరు పెట్టగానే ముందు దాన్నే చూసేదాన్ని. పెద్ద దెబ్బ, దాని వెనకే చిన్న గెంతు. అది అమ్మ నాడి.

నిన్నటి గీతలు రెండూ పక్కపక్కన పెట్టాను. తొమ్మిదిలో చెయ్యి కరుణమ్మ అత్తది, గుండె అమ్మది. పదిహేడులో చెయ్యి అమ్మది. గుండె నాలుగు కొట్టుకుని ఒకటి జారుతోంది, మూడు కొట్టుకుని రెండు జారుతున్నాయి.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. మళ్లీ కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది క్రితం నేను నా చేతికే ఒక జెల్లు అంటించుకుని నలభై రోజులు ఉంచుకున్నాను. తీసి ఉప్పునీళ్ల గిన్నెలో వేశాను. అది నీళ్లలో కదిలింది. చిన్నగా, ఒక పద్ధతిలో. నా నాడి పట్టుకుని చూసుకుంటే రెండూ ఒకటే. మేడమ్‌కి చూపించాను. "ఏసీ అదురు" అన్నారు ఆవిడ. ఆ రోజు ఏసీ చెడిపోయి ఉంది. పొద్దున్నుంచీ కిటికీలు తెరుచుకుని పని చేస్తున్నాం. అయినా నేను "అవును మేడమ్" అన్నాను. నోట్‌బుక్కులో పెన్సిలుతో రాసుకున్న వాక్యాన్ని రబ్బరుతో చెరిపేశాను.

సాగితే కరెంటు పుట్టించేది, తన కరెంటుతో తనే సాగగలదు కూడా. అది నేర్చుకోవడమే కాదు, నేర్పుతుంది. ఏడాది నుంచి ఆ సంగతి నా దగ్గరే ఉంది.

మేడమ్ గదిలోకి వెళ్లి ఆ నాలుగు గీతలూ ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూశారు. ఏసీ సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే అన్నారు: "ఆ రోజు ఏసీ పని చేయలేదు కదూ?"

"లేదు మేడమ్."

"మరి అప్పుడే చెప్పవేం?"

గీతలు ఆవిడ బల్ల మీదే వదిలేసి మా ఊరి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని చీపురు కట్టుకుంటోంది. పనివేళ ఇంట్లో ఉండే మనిషి కాదు.

"అదేంటే, చెప్పాపెట్టకుండా? సెలవులిచ్చారా?"

"నువ్వెందుకు పనికెళ్లలేదు?"

"కొంచెం ఆయాసంగా ఉంటేనూ. నిన్నా ఎరుపే, మొన్నా ఎరుపే. ఇవాళ కూడా వత్తే తీసేత్తారంట, అందుకే రాలేదని చెప్పమన్నాను."

ఎవరికి ఎరుపు వస్తోందో, ఎవరి పేరున వస్తోందో ఆమెకి బాగా తెలుసు. ఎడమ చెయ్యి పట్టుకుని ముంజ అంచు తిప్పి చూశాను. పదిహేడు.

అమ్మ నా వంక చూసి కళ్లు దించుకుంది.

"అరవకు. మూడో రోజని కరుణమ్మ ఏడుత్తా వచ్చింది. మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడు. పని పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుద్ది? నాకు ఎప్పుడూ ఎరుపు రాలేదు కదా, ఒక్క రోజు నా పేరున వత్తే ఏం పోద్దిలే అనుకున్నాను."

"మరి మళ్లీ ఎందుకు మార్చుకోలేదు?"

"రెండు దీపాలూ పచ్చగానే వెలిగాయి కదే! అది కూడా 'నీ ముంజ ఎట్టుకున్నాక ఒళ్లు తేలిగ్గా ఉందే మంగా' అంది. ఇంక మార్చుకునేదెందుకు?" అని ఆగింది. "నాట్లప్పుడు ఒకళ్లకి ఒంట్లో బాగోకపోతే ఇంకొకళ్లు బదులెళ్లమా? ఇదీ అంతే అనుకున్నాను. తప్పంటావా?"

మా ఊళ్లో ఏ ఆడమనిషికీ ఒక్క రోజు కూలి కూడా ఊరికే పోదు. ఆమె రాకపోతే ఆమె పేరున ఇంకొకరు నిలబడతారు. ఆ సంగతి మేడమ్‌కి తెలియదు. నాకు తెలుసు. నేను వాళ్లలో పుట్టి పెరిగాను. నంబర్లు వేసి అంటించానే గానీ, ఆ నంబర్లు చేతులు మారతాయని నాకే తట్టలేదు.

మర్నాడు పట్నంలో గుండె డాక్టరు అమ్మను పరీక్షించారు. మేడమ్ కూడా వచ్చారు. గుండెకు ఏ జబ్బూ లేదని, కాని పాతికేళ్ల జబ్బు గుండెలా కొట్టుకుంటోందని చెప్పారు. పదిహేడో నంబరు తీసేశాం. అయినా ఆ తప్పులు పోలేదు. నేర్చుకున్నది గుండెలో ఉండిపోయింది. "యంత్రం పెట్టొచ్చు. కాని ఈ గుండె యంత్రం మాట వింటుందని నేను పూచీ పడలేను. నెల రోజులు ఇలాగే ఉంటే కష్టం" అన్నారు.

బయట వరండాలో మేడమ్ గొంతు తగ్గించి చెప్పారు. "నేర్పినదే మళ్లీ నేర్పాలి. మంచి నాడి నేర్చుకున్న జెల్లు కావాలి."

అలాంటిది ఉంది. తొమ్మిదో నంబరు. అది కరుణమ్మ అత్త చేతికి ఉంది.

ఊరికి వచ్చాక అమ్మ నాతో ఒకటే మాట అంది. "దానికి చెప్పకు."

"అమ్మా!"

"చెప్తే పీకి నా చేతిలో పెట్టేత్తాది. నాకు తెలీదా దాని సంగతి? ఆ ముంజ తీసేత్తే అదేమైపోద్ది?"

నేను చిన్నప్పటి నుంచి పెద్దవాళ్లు చెప్పొద్దంటే చెప్పని పిల్లని. బడిలోనూ అంతే, పరిశోధనశాలలోనూ అంతే. ఆ రోజు మాత్రం అమ్మ స్నానానికి వెళ్లగానే రెండిళ్లవతలకి నడిచాను. కరుణమ్మ అత్త భర్తకు జావ తాగిస్తోంది. మొత్తం చెప్పాను. అత్త గిన్నె కింద పెట్టింది, ఆయన మూతి తుడిచింది, చెయ్యి కడుక్కుంది. చెంగుతో తుడుచుకుని ముంజ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగేసింది.

"అత్తా, ఆగు..."

"ఏం ఆగేది? అంటే ఇన్నాళ్లూ నేను మెట్లెక్కింది మంగ గుండెతోనా?" తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి నాకంటే ముందు మా ఇంటికి నడిచింది.

డబ్బా మూత తియ్యగానే అమ్మకి అర్థమైంది. నా వైపు చూసిన చూపు మరిచిపోలేను.

"తీసుకో. నీది నీకు ఇచ్చేత్తన్నాను."

"నాకక్కర్లేదు. పట్టుకుపో."

"పదకొండేళ్లు నీ మోచేతి పోట్లు తిన్నాను మంగా. ఇంకా గుండెపోటు కూడా నీ వల్లే అనిపించుకోమంటావా నన్ను?"

"ఏడ్చావులే. నువ్వు పోతే ఆ మంచాన ఉన్న నీ మొగుడికి గంజి ఎవత్తె పోత్తాది? నేనా?"

అలా పావుగంట అరుచుకున్నారు. డబ్బాలో తడిగుడ్డ మీద ముంజ కదులుతూనే ఉంది. పెద్ద దెబ్బ, వెనకే చిన్న గెంతు. మేం ముగ్గురం ఒక్కసారే దాన్ని చూశాం. అరుపులు ఆగిపోయాయి. కరుణమ్మ అత్త శిలువ గుర్తు వేసుకుంది. అమ్మ చెయ్యి తన గుండె మీదకి వెళ్లింది.

అసలే జబ్బు గుండె కావడంతో ముంజ తియ్యగానే పాత దారి పట్టింది, సాయంత్రానికి కరుణమ్మ అత్త పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు అమ్మే దారి చెప్పింది.

"బదులేసుకుందాం. సోమారం నాది, మంగళారం నీది."

"ఆదివారం?"

"ఆదివారం నువ్వు చర్చిలో పాట పాడాలి కదా. నువ్వే ఉంచుకో."

అలా మొదలైంది. రోజూ పొద్దున ఏడింటికి స్టీలు డబ్బా పట్టుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగేదాన్ని నేను. ముంజ ఉన్న రోజు మనిషి అన్నం తింటుంది, నవ్వుతుంది. లేని రోజు గోడకి ఆనుకుని కూర్చుంటుంది. ఆ మొదటి రోజే నా మణికట్టుకి కొత్త జెల్లు అంటించుకున్నాను. అది నా నాడి నేర్చుకుంటే అమ్మకి ఇవ్వొచ్చు. కాని దానికి నలభై రోజులు పడుతుంది. తొమ్మిదో నంబరుకి మిగిలిన ఆయుష్షు ఇరవై ఆరు రోజులు. మధ్యలో పద్నాలుగు రోజులు ఏమీ లేదు. ఆ పద్నాలుగు రోజులు దాటేలా ఇద్దరిలో ఎవరూ కనిపించడం లేదు.

ఫోనులో మేడమ్ అన్నారు: "షెడ్డులో ఇంకా ఇరవై రెండు ఉన్నాయి కదా వేణీ. మంచి నాడి నేర్చుకున్నది, ఎవరి చేతికీ మారనిది ఒక్కటి తీసుకో. మారినదైతే అందులో ఎవరి నాడి ఎంత కలిసిందో తెలియదు, పెట్టలేం. దాన్ని తడిపెట్టెలో పెట్టి దాస్తే ఆయుష్షు ఇంకో నెల పెరుగుతుంది. ఆ పద్నాలుగు రోజులూ గడిచిపోతాయి. ఒక్కటి చాలు."

"గీతలు చూసి చెప్పలేమా మేడమ్, ఏది మారలేదో?"

"చూశాను. మీ అమ్మ ఒక్కతే ఎడమచేతి వాటం. మిగతా చేతులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వెళ్లి అడగాల్సిందే."

ఆ రోజు ముంజ అమ్మ చేతికి ఉంది. "నువ్వు అడిగితే చెప్పరు, నేనూ వత్తాను" అంటూ అమ్మ బయలుదేరింది. కరుణమ్మ అత్త అమ్మ భుజం పట్టుకుని, నాలుగు అడుగులకి ఒకసారి ఆగుతూ వచ్చింది. షెడ్డు లోపల చలి. నేలంతా నీళ్లు. టీ వేళ కాబట్టి సూపర్‌వైజరు బయట ఉన్నాడు. వాళ్లిద్దరినీ బల్ల చివర, వాళ్ల చోట్లోనే కూర్చోబెట్టి, నేను ఒక ఖాళీ టబ్బు బోర్లించి దాని మీద ఎక్కాను. అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను. గిన్నెలో కదిలిన ముంజ సంగతి, రబ్బరుతో చెరిపేసిన సంగతి కూడా చెప్పాను.

"మీలో మార్చుకోనివాళ్లు ఒక్కరుంటే చాలు. వాళ్ల ముంజ ఒకటి కావాలి. అందుకని నిజం చెప్పండి. ఎవర్నీ పనిలోంచి తియ్యరు, ఆ దీపాల బోర్డు పొద్దున్నే పీకించేశాను. మార్చుకున్నవాళ్లు చేతులెత్తండి."

చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది.

ముందు వరసలో ఒకావిడ మెల్లగా చెయ్యెత్తింది. "మా చెల్లి కూతురి పెళ్లికెళ్లినప్పుడు, ఒక్క రోజే అమ్మా."

"మాది రెండు సార్లు" అంది ఇంకొకావిడ.

"జొరం వచ్చినప్పుడు."

"నాది పార్వతికిచ్చాను. పార్వతి ఎవరికో ఇచ్చింది. ఇప్పుడు నా చేతికున్నది ఎవరిదో నాకే తెలీదు."

చేతులు లేస్తూనే ఉన్నాయి. రబ్బరు తొడుగుల మీంచి నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. నేను లెక్కపెట్టాను. ఆగాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఇరవై రెండు.

లేవని చేతులు బల్ల చివర ఇద్దరివే. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.